నవ్వుల దెయ్యాలు: అమెరికన్ కామెడీల హాలోవీన్ విశేషాలు

అక్టోబరు 31 రాత్రి అమెరికాలో పిల్లలు రకరకాల వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు, సంచులు పట్టి చాక్లెట్లు అడుగుతారు. గుమ్మాల ముందు కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయలు, వాటిలో దీపాలు వెలుగుతుంటాయి. ఆ రోజుల్లో అక్కడి టీవీ కామెడీలు కూడా వేషం కడతాయి. ఓటీటీలు వచ్చాక ‘ఫ్రెండ్స్’, ‘ది ఆఫీస్’, ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ లాంటివి మన ఇళ్లల్లోనూ బాగా చూస్తున్నారు. వాటితో పాటు పాతకాలపు కామెడీల్లో వచ్చిన మంచి హాలోవీన్ ఎపిసోడ్ల సంగతులు కొన్ని ఇక్కడ ఏరి పెడుతున్నాను. ముందే ఒక మాట. గొప్ప హాలోవీన్ ఎపిసోడ్‌లో దెయ్యం ఒక వంక మాత్రమే. ఎవరు ఏ వేషం వేశారు, దానిలోంచి ఏ మనిషి బయటికొచ్చాడు అన్నదే అసలు కథ.

ఆరో ఎపిసోడ్ మర్మం

‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ మొదటి సీజన్, ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ మొదటి సీజన్, ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ మొదటి సీజన్, ‘మోడ్రన్ ఫ్యామిలీ’ రెండో సీజన్, ‘కమ్యూనిటీ’ రెండో సీజన్, ‘ఫ్రెండ్స్’ ఎనిమిదో సీజన్. ఈ ఆరింటిలోనూ హాలోవీన్ కథ సరిగ్గా ఆరో ఎపిసోడ్‌గానే వచ్చింది. దీని వెనుక ఉన్నది క్యాలెండరు. అమెరికన్ ఛానెళ్లు కొత్త సీజన్‌ను సెప్టెంబరు మూడో, నాలుగో వారంలో మొదలుపెట్టేవి. వారానికొకటి చొప్పున లెక్కేస్తే అక్టోబరు ఆఖరుకు ఐదో, ఆరో, ఏడో ఎపిసోడ్ తగులుతుంది. కొత్త సీరియల్‌కి ఇది కీలకమైన దశ. ప్రేక్షకులకు పాత్రల పేర్లు అప్పుడప్పుడే అలవాటవుతుంటాయి. ఆ సమయంలో ఒక్కో పాత్రకు ఒక్కో వేషం తగిలిస్తే వాళ్ల స్వభావాలు పది సంభాషణలు చెప్పేంతగా తెలిసిపోతాయి. రచయితలు ఈ అవకాశాన్ని ఎందుకు వదలరో దీన్నిబట్టే అర్థమవుతుంది.

చక్కెర రేషన్ తీరాకే సందడి

రెండో ప్రపంచ యుద్ధం నాటి చక్కెర రేషన్ వల్ల పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే ఆనవాయితీకి గండి పడింది. 1940ల చివర్లో రేషన్ ఎత్తేశాక అది మళ్లీ ఊపందుకుంది. అమెరికన్ ఇళ్లలోకి టీవీ వచ్చిందీ ఆ రోజుల్లోనే. అలా రెండూ కలిసి పెరిగాయి. నిజజీవితంలో భార్యాభర్తలు, పిల్లలైన నెల్సన్ కుటుంబమే నటించిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ఆజీ అండ్ హ్యారియెట్’ 1952 అక్టోబరు 3న టీవీలో మొదలైంది. నెల తిరక్కుండానే, సరిగ్గా అక్టోబరు 31 శుక్రవారం నాడు, హాలోవీన్ పార్టీ కథ ప్రసారం చేసింది. టీవీ కామెడీల్లో వచ్చిన తొలి హాలోవీన్ ఎపిసోడ్లలో ఇదొకటి.

ఎనిమిది రోజుల్లో మూడు వింత కుటుంబాలు

1964 సెప్టెంబరు 17న ‘బివిచ్డ్’, మర్నాడు 18న ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’, 24న ‘ది మన్‌స్టర్స్’ మొదలయ్యాయి. ఒక మంత్రగత్తె ఇల్లాలు, చీకటిని ఇష్టపడే ఒక విడ్డూరపు కుటుంబం, ఫ్రాంకెన్‌స్టైన్ భూతంలాంటి తండ్రి ఉన్న మరో కుటుంబం. మూడూ ఎనిమిది రోజుల్లోనే అమెరికన్ ఇళ్లలోకి వచ్చాయి. ఆడమ్స్ కుటుంబానికి ఏడాది పొడుగునా హాలోవీనే కాబట్టి, ఆ పండగనాడు వాళ్లింట్లో కొత్తగా ఏం చూపించాలన్నది రచయితలకు చిక్కు. 1964 అక్టోబరు 30 నాటి ఎపిసోడ్‌లో వాళ్లు కథను తిప్పేశారు. బ్యాంకు దోచుకుని పారిపోతున్న ఇద్దరు దొంగలు ఆ ఇంట్లో దూరతారు. పండగకు వచ్చిన అతిథులనుకుని కుటుంబమంతా వాళ్లకు మర్యాదలు చేస్తుంది. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చూస్తే దొంగలు అంత హడలిపోతారు.

మంత్రగత్తె మనసు నొచ్చుకుంటే

‘బివిచ్డ్’లో సమంత నిజమైన మంత్రగత్తె. భర్త డారిన్ మామూలు మనిషి, వ్యాపార ప్రకటనల కంపెనీలో పనిచేస్తాడు. 1964 అక్టోబరు 29 నాటి ఎపిసోడ్‌లో ఒక మిఠాయి వ్యాపారి హాలోవీన్ ప్రకటనకు వంకర ముక్కు, పులిపిరులు ఉన్న ముసలి మంత్రగత్తె బొమ్మ గీయమంటాడు. డారిన్ గీసుకొస్తాడు. అది చూసి సమంత బాధపడుతుంది. తమవాళ్లందరినీ వికారంగా చూపించే ఆ అలవాటు మీద ఆమెకూ ఆమె బంధువులకూ కోపం. చివరికి వాళ్లు నిరసన ఫలకాలు పట్టుకుని ఆ వ్యాపారి కలత నిద్రలోకే వెళతారు. పౌరహక్కుల చట్టం వచ్చిన ఏడాదే ప్రసారమైన కథ ఇది. ఒక వర్గాన్ని బొమ్మలో ఎలా గీస్తామన్నది కూడా న్యాయానికి సంబంధించిన విషయమేనని హాయిగా నవ్విస్తూ చెప్పింది. ఈనాటికీ అందులోని వాదన పాతబడలేదు.

చార్లీ బ్రౌన్‌కు దేశమంతా మిఠాయిలు

చార్ల్స్ షుల్జ్ కార్టూన్ పాత్రలతో తీసిన ‘ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్’ 1966 అక్టోబరు 27న వచ్చింది. సీరియల్ కాదు, అరగంట ప్రత్యేక కార్యక్రమం. కానీ తర్వాత వచ్చిన కామెడీలన్నీ దీనికి ఎంతో కొంత రుణపడ్డాయి. అందరు పిల్లల సంచుల్లోనూ మిఠాయిలు పడుతుంటే చార్లీ సంచిలో మాత్రం ప్రతి ఇంటివాళ్లూ రాయి వేస్తారు. అది చూసి మనసు కరిగిన ప్రేక్షకులు చార్లీ బ్రౌన్ పేరు మీద డబ్బాలకు డబ్బాలు మిఠాయిలు పంపారని నిర్మాత లీ మెండెల్సన్ చెప్పుకునేవారు. మరోపక్క లైనస్ అనే పిల్లాడు గుమ్మడి తోటలో రాత్రంతా కూర్చుని, అందరూ వెక్కిరిస్తున్నా, మహా గుమ్మడి వస్తుందని ఎదురుచూస్తాడు. అది రాదు. వచ్చే ఏడాది వస్తుందని మళ్లీ నమ్ముతాడు. పిల్లల కార్యక్రమాల్లో నిరాశను ఇంత నిజాయితీగా చూపినవి తక్కువ. శాలీ పాత్రకు గొంతు ఇచ్చిన చిన్నారికి అప్పుడు పాలపన్ను కదులుతోంది. ఊడితే మాట మారిపోతుందని హడావుడిగా రికార్డింగ్ ముగించారు. పని పూర్తవగానే పన్ను ఊడింది.

యుద్ధభూమిలో దెయ్యం కథలు

కొరియా యుద్ధం నేపథ్యంలో సాగే ‘మాష్’ చివరి సీజన్‌లో, 1982 నవంబరు 1న ఒక హాలోవీన్ ఎపిసోడ్ వచ్చింది. వేషాల్లో పార్టీ చేసుకుంటున్న సైనిక డాక్టర్లకు ఒక్కసారిగా క్షతగాత్రులు వచ్చిపడతారు. ఆపరేషన్లు చేస్తూనే ఒకరికొకరు దెయ్యం కథలు చెప్పుకుంటారు. చనిపోయాడని చీటీ కట్టి పక్కన పెట్టిన ఒక సైనికుడి దగ్గర ప్రార్థన చేయడానికి వెళ్లిన ఫాదర్ మల్కాహీ, అతను బతికే ఉన్నాడని గుర్తిస్తాడు. ఆ రాత్రి చెప్పుకున్న కల్పిత కథలన్నిటికంటే ఒళ్లు గగుర్పొడిచేది ఇదే. ఇదే ఎపిసోడ్‌లో నోట్లో బిలియర్డ్స్ బంతి ఇరుక్కుపోయిన సైనికుడిగా కనిపించిన జార్జ్ వెంట్, సరిగ్గా ఆ శరదృతువులోనే మొదలైన ‘చీర్స్’లో నార్మ్ పాత్రతో ఇంటింటా తెలిసిన మనిషయ్యాడు.

రోజాన్ ఇంట్లో పందెం

హాలోవీన్ ఎపిసోడ్‌ను ఏటేటా ఎదురుచూసే పండగగా మార్చిన కామెడీ ‘రోజాన్’. 1988లో మొదలైన ఈ సీరియల్ ఇలినాయ్ రాష్ట్రంలోని లాన్‌ఫోర్డ్ అనే కల్పిత ఊళ్లో కాయకష్టం చేసుకు బతికే కానర్ కుటుంబం కథ. 1989 అక్టోబరు 31న వచ్చిన ‘బూ!’లో భార్యాభర్తలు రోజాన్, డాన్ ఒకరినొకరు భయపెట్టుకునే పందెం వేసుకుంటారు. ఇంటినే భయానక సొరంగంగా మార్చేస్తారు. నెలాఖరుకు బిల్లులు కట్టలేక సతమతమయ్యే ఆ ఇంట్లో అట్టముక్కలు, పాతబట్టలు, ఎర్రరంగు చాలు, పండగ వచ్చేస్తుంది. డబ్బు లేని ఇల్లు కూడా సరదాలో ఎవరికీ తీసిపోదని చూపించిన ఎపిసోడ్ ఇది.

1990 అక్టోబరు 30 నాటి కథ ఇంకా లోతైనది. కొడుకు డీజే మంత్రగత్తె వేషం వేస్తానంటాడు. మగపిల్లాడు ఆడవేషమేంటని డాన్ ఇబ్బంది పడతాడు. అదే రాత్రి రోజాన్ గడ్డం, మీసం పెట్టుకుని మగవేషంలో బార్‌లో చిక్కుకుపోతుంది. అక్కడివాళ్లు ఆమెను మగవాడే అనుకుని మాట కలుపుతారు. కొడుకు వేషం తండ్రిని కలవరపెడుతుంటే, తల్లి వేషం ఆమెకు మగవాళ్ల లోకంలోకి తలుపు తెరిచింది. ఒకే ఎపిసోడ్‌లో ఎదురెదురుగా నిలబెట్టిన ఈ రెండు వేషాల కూర్పు రచనా నైపుణ్యానికి పాఠం లాంటిది.

సింప్సన్స్ చెట్టు మీది గూడు

1990 అక్టోబరు 25న ‘ది సింప్సన్స్’ రెండో సీజన్‌లో ఒక ప్రయోగం జరిగింది. సింప్సన్ కుటుంబం పిల్లలు బార్ట్, లీసా చెట్టు మీద కట్టుకున్న చిన్న గదిలో కూర్చుని భయానక కథలు చెప్పుకుంటారు. ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ అన్న పేరు అలా వచ్చింది. తర్వాతి ఏళ్లలో ఆ చెట్టుగది కథల్లోంచి మాయమైనా పేరు మాత్రం నిలిచిపోయింది. 35 ఏళ్లు గడిచినా సీజన్‌కొకటి చొప్పున ఈ వరస ఆగలేదు.

మొదటి ఎపిసోడ్‌లోని మూడో కథ ఎడ్గర్ అలెన్ పో 1845లో ప్రచురించిన ‘ది రేవెన్’ కవిత. పిల్లల తండ్రి హోమర్ అందులో దుఃఖితుడైన ప్రేమికుడు, బార్ట్ కాకి. నేపథ్యంలో కవితను చదివిన గంభీరమైన గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్‌కు మాటలిచ్చింది కూడా ఆయనే. కార్టూన్‌లో ఇంత బరువైన కవిత్వమా, జనం దీన్ని డాబుసరి అనుకోరూ అని సృష్టికర్త మ్యాట్ గ్రోనింగ్ బెంగపెట్టుకున్నారు. కానీ అమెరికన్ పిల్లల్లో ఎంతోమందికి పో మొదటిసారి పరిచయమైంది ఈ కార్టూన్‌లోనే.

రాక్షసుల్లాంటి గ్రహాంతరవాసులు కాంగ్, కోడోస్ పుట్టింది ఈ ఎపిసోడ్‌లోనే. చాలాకాలం ఈ సీరియల్‌కు సంగీతం అందించిన ఆల్ఫ్ క్లాసెన్ మొదటి పని కూడా ఇదే. పేర్ల దగ్గరా ఆటే. రెండో ఏడాది నుంచి టైటిల్స్‌లో సిబ్బంది పేర్లన్నీ దెయ్యాల పేర్లుగా మారాయి. మ్యాట్ గ్రోనింగ్ కాస్తా ‘బ్యాట్ గ్రోనింగ్’ అయ్యారు.

1995 నాటి ఆరో భాగంలో హోమర్ గోడ వెనక్కి వెళ్లి మూడు కొలతల లోకంలో పడతాడు. ఆ కంప్యూటర్ యానిమేషన్ చేసింది పసిఫిక్ డేటా ఇమేజెస్. తర్వాత కొన్నేళ్లకు ‘ష్రెక్’ చేసిన స్టూడియో ఇదే. ఇంకో చిత్రం కూడా ఉంది. ప్రసారం చేసే ఫాక్స్ ఛానెలే బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ కూడా చూపించేది. ఆ మ్యాచ్‌ల వల్ల 2000 నుంచి చాలా ఏళ్లపాటు ఈ హాలోవీన్ ఎపిసోడ్లు పండగ వెళ్లిపోయాక నవంబరులో వచ్చాయి. అభిమానులు మాత్రం విసుక్కోకుండా కూర్చుని చూశారు.

ఈ వరసకు అంత బలం స్వేచ్ఛ నుంచే వచ్చింది. ఇందులో ఎవరైనా చనిపోవచ్చు, ప్రపంచమే అంతం కావచ్చు. వచ్చే వారం అందరూ మామూలుగా సోఫాలో కూర్చుంటారు. ఏడాదికొక్కసారి రచయితలు తమ నియమాలన్నీ గట్టున పెట్టే రోజు అది.

తండ్రి వేషంలో కొడుకు

‘ఫ్రేజర్’లో అన్నదమ్ములిద్దరూ మానసిక వైద్యులు. కళలూ వైన్లూ వాళ్ల లోకం. తండ్రి మార్టిన్ రిటైరైన పోలీసు, సాదాసీదా మనిషి. 2001 అక్టోబరు 30 నాటి ఎపిసోడ్‌లో ఫ్రేజర్ పార్టీ ఇస్తూ, ఎవరి ఆరాధ్య వ్యక్తి వేషంలో వాళ్లు రావాలంటాడు. తనేమో ఫ్రాయిడ్. తమ్ముడు నైల్స్ తండ్రి వేషంలో, తండ్రి చొక్కాతో, చేతికర్రతో దిగుతాడు. మొదట అందరూ పగలబడి నవ్వుతారు. నాలుగు బీర్లు పడ్డాక నైల్స్ ఆ పాత్రలో లీనమై, కొడుకుల గురించి ‘తండ్రి’ మనసులో ఏముందో చెప్పడం మొదలుపెడతాడు. మీరు నన్ను నిరాశపరిచారన్నట్టు మాట్లాడతాడు. అసలు తండ్రి ఎదురుగానే కూర్చుని వింటుంటాడు. కొడుకు ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకున్న అనుమానం వేషం చాటు నుంచి బయటపడింది. తర్వాత మార్టిన్ కొడుకును కూర్చోబెట్టి, తనకు వాళ్లంటే గర్వమేనని చెప్పే ఘట్టం ఆ సీరియల్‌లోని గొప్ప ఘట్టాల్లో ఒకటి.

అమ్మ చేసిన బిస్కెట్లు

నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ మూడో ఎపిసోడ్. 1999 అక్టోబరు 30న వచ్చింది. కథాకాలం 1980. ఒక్క సీజన్, 18 ఎపిసోడ్లతో ఆగిపోయినా నేటికీ గౌరవంగా తలుచుకునే సీరియల్ ఇది. హైస్కూల్లో చేరిన శామ్ చివరిసారిగా వేషం వేసుకుని స్నేహితులతో మిఠాయిలకు బయల్దేరతాడు. వాళ్లమ్మ జీన్ ఇంటికొచ్చే పిల్లల కోసం మనసుపెట్టి స్వయంగా బిస్కెట్లు కాల్చి, వేషం వేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. పిల్లలు వస్తారు, తీసుకుంటారు. వెంట వచ్చిన పెద్దవాళ్లు మాత్రం వాటిని పారేయిస్తారు. ఇంట్లో చేసినవి తినకూడదు, కొట్టులో కొన్న చాక్లెట్లయితేనే నమ్మకం. తన బిస్కెట్ల గతి చూసి ఆ తల్లి ముఖం చిన్నబోయిన తీరు చూస్తే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది.

అప్పట్లో జనంలో ఈ భయం నిజంగానే ఉండేది. 1974లో టెక్సస్‌లో ఒక బాలుడు హాలోవీన్ మిఠాయిలో విషం వల్ల చనిపోయాడు. విషం కలిపింది బీమా డబ్బుకు ఆశపడ్డ కన్నతండ్రేనని తేలింది. ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లల మిఠాయిల్లో విషం కలుపుతారన్న భయం మాత్రం దేశమంతా పాకింది. సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దాల వార్తలన్నీ తిరగేసి చూశారు. అపరిచితులు అలా విషం పెట్టి పిల్లల్ని చంపినట్టు రుజువైన కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. పుకారు ఒక తల్లి ప్రేమను చెత్తబుట్ట పాలు చేసిందని ఈ కామెడీ నిశ్శబ్దంగా చూపించింది.

236లో ఒక్కటే

‘ఫ్రెండ్స్’ పదేళ్లలో 236 ఎపిసోడ్లు వచ్చాయి. థ్యాంక్స్‌గివింగ్ కథ దాదాపు ప్రతి సీజన్‌లోనూ ఉంటుంది. హాలోవీన్ పార్టీ మాత్రం ఒక్కటే. అది 2001 నవంబరు 1న, పండగ మర్నాడు ప్రసారమైంది. మోనికా క్యాట్‌వుమన్, ఫీబీ సూపర్‌గర్ల్, చాండ్లర్ గులాబీరంగు కుందేలు. రాస్ వేషం ఎవరికీ అర్థంకాదు. బంగాళాదుంపకు యాంటెన్నాలు తగిలించి, సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ మీద తను కట్టిన మాటల మెలిక అది. తల్లి కాబోతున్న రేచల్ వచ్చిన పిల్లలందరికీ మురిపెంగా పంచుతూ చాక్లెట్లు అయిపోగొట్టి, ఆఖరికి చెక్కులు రాసిచ్చేదాకా వెళుతుంది. హాలీవుడ్ నటుడు షాన్ పెన్ కూడా ఇందులో అతిథి పాత్రలో కనిపిస్తాడు.

భుజం మీద రెండో తల

‘ది ఆఫీస్’ అమెరికన్ రూపంలో 2005 అక్టోబరు 18 నాటి హాలోవీన్ ఎపిసోడ్ ఒక కఠినమైన పరిస్థితితో మొదలవుతుంది. నెలాఖరులోగా ఒకరిని ఉద్యోగంలోంచి తీసేయాలని పైనుంచి ఆదేశం. మేనేజర్ మైకేల్ స్కాట్ దాన్ని వాయిదా వేస్తూ వేస్తూ హాలోవీన్ రోజు దాకా తెచ్చుకున్నాడు. ఆ రోజు అతను వేసుకొచ్చింది తన మొహాన్నే పోలిన కాగితపు గుజ్జు తల. దాన్ని భుజానికి తగిలించుకుని తిరుగుతుంటాడు. ఒక మనిషి పొట్టకొట్టే కబురు చెప్పాల్సినవాడి పక్కనే, నవ్వుతున్న అతని రెండో తల. నిర్ణయం తీసుకోలేని మనిషిని ఇంతకంటే బాగా చూపించే బొమ్మ ఉండదు.

ఆ ఆఫీసు ఉద్యోగి జిమ్ వేషం తెల్ల చొక్కా మీద అతికించిన మూడు నల్లటి కాగితపు బిళ్లలు. ఫైల్లో పెట్టుకోవడానికి మూడు రంధ్రాలు చేసిన కాగితమట తను. వేషాలంటే పెద్దగా మోజులేని జిమ్ నైజం ఆ మూడు బిళ్లల్లోనే ఉంది. మైకేల్ మొదట క్రీడ్ అనే ఉద్యోగిని తీసేద్దామనుకుంటాడు. క్రీడ్ మాటల్లో పెట్టి మరో ఉద్యోగి డెవన్ పేరు చెప్పిస్తాడు. ఉద్యోగం పోయిన డెవన్ వెళ్తూ వెళ్తూ మైకేల్ కారు మీద గుమ్మడికాయ పగలగొడతాడు. ఆ రాత్రి మైకేల్ ఇంట్లో ఒంటరిగా దిగాలుగా కూర్చుంటాడు. తలుపు తట్టిన పిల్లలకు దోసిళ్లకొద్దీ చాక్లెట్లు వేస్తుంటే అతని ముఖంలో మళ్లీ ప్రాణం వస్తుంది. ఈ ఎపిసోడ్ దర్శకుడు పాల్ ఫీగ్. ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ సృష్టికర్త కూడా ఆయనే. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఏకాంతం ఆయనకు బాగా తెలుసు.

హాలోవీన్ చోటులో దీపావళి

మరుసటి ఏడాది ‘ది ఆఫీస్’ మూడో సీజన్ ఆరో ఎపిసోడ్‌గా, 2006 నవంబరు 2న, దీపావళి కథ వచ్చింది. రాసింది మిండీ కేలింగ్. తమిళ తండ్రి, బెంగాలీ తల్లి ఉన్న ఈ రచయిత్రి సీరియల్‌లో కెలీ కపూర్‌గా నటించింది. ఇందులో కెలీ అమ్మానాన్నలుగా కనిపించినవాళ్లు మిండీ సొంత అమ్మానాన్నలే. దీపావళి అంటే భారతీయుల హాలోవీన్ అనుకున్న మైకేల్ తన స్నేహితురాలు క్యారల్‌ను వేషం వేసుకు రమ్మంటాడు. అందరూ పట్టుచీరలు, కుర్తాల్లో ఉంటే ఆమె ఛీర్‌లీడర్ దుస్తుల్లో దిగుతుంది. మన పండగను తక్కువ చేయకుండా, తెలియనివాళ్ల తెలియనితనం మీద నవ్వించిన కథ ఇది. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఆ రాత్రి అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు వేషాలతో వీధిలో తిరిగారు, గుమ్మంలో గుమ్మడికాయ పక్కనే ప్రమిదలు వెలిగాయి.

బ్యాట్‌మన్ వేషంలో తెలుగువారి అబ్బాయి

‘కమ్యూనిటీ’లో సినిమాల పిచ్చి ఉన్న అబెద్ పాత్రధారి డానీ పూడి. తండ్రి తెలుగువాడు, తల్లి పోలండ్ నుంచి వచ్చిన ఆవిడ. చికాగోలో పుట్టి పెరిగాడు, పోలిష్ మాట్లాడతాడు. 2009 నాటి మొదటి హాలోవీన్ ఎపిసోడ్‌లో అబెద్ బ్యాట్‌మన్‌గా వచ్చి, బొంగురు గొంతుతో మాట్లాడుతూ, కూలిపోతున్న బల్లల కోటలోంచి మిత్రుల్ని కాపాడతాడు. దర్శకుడు జస్టిన్ లిన్, ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల మనిషి. 2010 అక్టోబరు 28న వచ్చిన రెండోది ఇంకా విడ్డూరం. పార్టీలో పెట్టిన మిలిటరీ మిగులు సరుకు తిని కాలేజీ అంతా జాంబీలవుతారు. వెనకాల ఆగకుండా ఆబా బృందం పాటలు మోగుతుంటాయి. అబెద్ మిత్రుడు ట్రాయ్ చివరికి ఏసీ చల్లదనం పెంచి అందర్నీ మామూలు మనుషుల్ని చేస్తాడు.

ఏటేటా దొంగతనం

‘బ్రూక్లిన్ నైన్-నైన్’లో పోలీసులే దొంగలవుతారు. 2013 అక్టోబరు 22న డిటెక్టివ్ జేక్ ఒక పందెం కాస్తాడు. కెప్టెన్ హోల్ట్ గదిలోని శౌర్య పతకాన్ని అర్ధరాత్రిలోగా కాజేస్తానంటాడు, కాజేస్తాడు. రెండో ఏడాది హోల్ట్, మూడో ఏడాది జేక్ తోటి డిటెక్టివ్, ప్రేయసి అయిన ఎమీ, నాలుగో ఏడాది అదే స్టేషన్‌లోని జీనా గెలిచారు. 2017 అక్టోబరు 17 నాటి ఐదో పోటీలో, దొంగిలించాల్సిన పట్టీ మీదున్న అక్షరాలు చూస్తే అది జేక్ ఎమీకి రాసిన పెళ్లి ప్రశ్న. కావాల్సింది నవ్వులే అనుకుని చూస్తున్న ప్రేక్షకులు కళ్లు తుడుచుకున్నారు.

2018 మేలో ఫాక్స్ ఛానెల్ ఈ సీరియల్‌ను రద్దు చేసింది. రెండు రోజులు తిరక్కుండానే ఎన్‌బీసీ తీసుకుంది. కానీ ఎన్‌బీసీలో తర్వాతి సీజన్ జనవరిలో మొదలైంది కాబట్టి హాలోవీన్ దాటిపోయింది. రచయితలు దొంగతనాన్ని మే 5న వచ్చే మెక్సికన్ పండగకు మార్చారు. పండగ తప్పినా పోటీ తప్పలేదు. 2021లో సీరియల్ ముగింపు కూడా ఈ దొంగతనంతోనే.

చిన్నచిన్న ముచ్చట్లు

* ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లో టెడ్, ఎప్పుడో గుమ్మడికాయ వేషంలో కలిసిన అమ్మాయి కోసం ప్రతి హాలోవీన్‌కూ మేడమీద ఎదురుచూస్తాడు. అతని వేషం 2000 ఎన్నికల్లో ఫ్లోరిడాలో గొడవైన, సగం తెగి వేలాడిన బ్యాలెట్ ముక్క. 2005 ఎపిసోడ్‌లో చూపించిన ఆ నిరీక్షణ 2011 అక్టోబరు 31న ఫలించింది. ఆ అమ్మాయిగా కేటీ హోమ్స్ వచ్చింది, కానీ ఇద్దరికీ పొసగలేదు.

* ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో నలుగురు మిత్రులూ ఒకరికి తెలియకుండా ఒకరు ఫ్లాష్ వేషంలోనే తయారవుతారు. ఎవ్వరూ ఫ్లాష్ కాకూడదని ఒప్పందం కుదిరాక, షెల్డన్ నలుపు తెలుపు చారల దుస్తుల్లో వస్తాడు. అది భౌతికశాస్త్రంలోని డాప్లర్ ఎఫెక్ట్ అని పార్టీలో ఒక్కరికీ తట్టదు.

* ‘మోడ్రన్ ఫ్యామిలీ’ 2010 ఎపిసోడ్‌లో మిచెల్ స్పైడర్‌మన్ వేషంలో కొత్త ఆఫీసుకు వెళ్లి, అక్కడ పెద్దమనుషులెవరూ వేషం వేయలేదని చూసి, దాని మీద సూటు తొడుక్కుని రోజంతా నెట్టుకొస్తాడు.

* ‘బాబ్స్ బర్గర్స్’ 2015 ఎపిసోడ్‌లో చిన్నకూతురు లూయీస్ తనకు ఇంతవరకూ నిజంగా భయమే వేయలేదని బాధపడుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి పకడ్బందీగా పథకం వేసి, ఆ పిల్ల కెవ్వున అరిచేలా చేస్తారు. భయపెట్టడం కూడా ప్రేమే అయిన అరుదైన కథ ఇది.

ముందు ఏది చూడాలి?

మొదటిసారి చూసేవాళ్లు ‘ది ఆఫీస్’ రెండో సీజన్ ఐదో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. పాత్రలు తెలియకపోయినా కథ అర్థమవుతుంది. పిల్లలతో కూర్చుంటే చార్లీ బ్రౌన్. నవ్వుతో పాటు గుండె బరువెక్కినా ఫర్వాలేదనుకుంటే ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ మూడో ఎపిసోడ్, ‘ఫ్రేజర్’ తొమ్మిదో సీజన్‌లో నైల్స్ తండ్రి వేషం. ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ దొంగతనాలు మాత్రం మొదటిదాని నుంచి వరసగా చూడండి, మధ్యలోంచి మొదలుపెడితే పెళ్లి ప్రశ్న రుచి తెలియదు. అమెరికాలో మనవలు, మనవరాళ్లు ఉన్న పెద్దవాళ్లు వీటిలో ఒక్కటైనా చూసి, అక్టోబరు ఆఖర్లో ఫోన్ చేసినప్పుడు ఈసారి ఏ వేషం వేస్తున్నావని అడగండి. పిల్లలు ఆ కబుర్లు గంటసేపు చెబుతారు.